మహేంద్రగిరి మీద ఒక రోజు
(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఏటా డిసెంబరు 17న మనం 1982 నాటి నకారా కేసు తీర్పును తలుచుకుంటాం. పింఛను అనేది దయతో వేసే భిక్ష కాదని సుప్రీంకోర్టు చెప్పిన రోజది, తలుచుకోవలసిందే. తరవాత డి.ఎ. బకాయిల గురించి మాట్లాడుకుంటాం. ఈసారి మాత్రం కార్యదర్శిగారు "బకాయిల సంగతి వేరేవాళ్లు చూసుకుంటారు, మీరు ఆ కొండ సంగతి చెప్పండి" అన్నారు. ఆ కొండ ఎక్కింది నేనొక్కణ్ణే కాదు. రెండో ఆయన వెనక వరసలో గోడకి ఆనుకుని కూర్చున్నారు. ఆయన లెక్కల మేష్టారు. పేరు చెప్పవద్దన్నారు గనుక మేష్టారు అనే అంటాను.

మన రాజాం వాళ్లకి పరుగు కథలంటే ఇష్టం. 1757లో బొబ్బిలి కోట మీద యుద్ధం జరిగినప్పుడు తాండ్ర పాపారాయుడు ఇక్కడినుంచే కదా వెళ్లింది! నేను చెప్పబోయేది నెమ్మదిగా నడిచిన కథ. ఇద్దరి వయసూ కలిపితే అప్పటికి నూట ముప్పై రెండు.

మహేంద్రగిరి మీలో చాలామందికి తెలిసిందే. ఎత్తు 1,501 మీటర్లు. కొండ ఒడిశాలో గజపతి జిల్లాలో ఉన్నా, మందస నుంచి చూస్తే మన పెరట్లోదే అనిపిస్తుంది. మన రాజాం 2022 ఏప్రిల్లో విజయనగరం జిల్లాలోకి మారినా మాటల్లో మనకింకా శ్రీకాకుళమే అయినట్టు, ఆ కొండ కూడా ఎవరి లెక్కలో ఉన్నా మనదే. అక్కడ పుట్టిన మహేంద్రతనయ బారువ దగ్గర సముద్రంలో కలుస్తుంది. అదే పేరుతో ఇంకో ఏరు అటువైపు దిగి వంశధారలో కలుస్తుంది. నేను నీటిపారుదల శాఖలో పనిచేసిన రోజుల్లో ఈ రెండు పేర్లతో ఫైళ్లు కలిసిపోకుండా చూసుకోవడమే ఒక ఉద్యోగం.

పరశురాముడు తపస్సు చేసుకుంటున్నది ఆ కొండ మీదనే అని పెద్దలు చెబుతారు. పైన మూడు పాత రాతి గుళ్లున్నాయి. వాటిని కుంతి గుడి, ధర్మరాజు గుడి, భీముని గుడి అంటారు. అన్నిటికంటే ఎత్తున ఉన్నది భీముని గుడి. అది చిన్నదే గాని, ఆ రాళ్ల పరిమాణం చూస్తే భీముడు తప్ప ఎవరు పేర్చారంటాం? పదకొండో శతాబ్దంలో రాజేంద్ర చోళుని సేనలు అంత దూరంనుంచి వచ్చి ఈ కొండ మీద సంస్కృతంలోను, తమిళంలోను శాసనం వేయించుకుని పోయాయి. మన తూర్పు గాంగ రాజులకి ఈ కొండ మీది గోకర్ణేశ్వరుడు కులదైవం. శివరాత్రికి అక్కడ పెద్ద జాతర జరుగుతుంది.

పర్లాకిమిడి వైపునుంచి జీపులు చాలా దూరం పైకి వెళతాయి. మేష్టారు జీపు వద్దన్నారు. ఆయన భార్యది మందస దగ్గర ఊరు. చిన్నతనంలో వాళ్ల నాన్నగారి వెనకాల శివరాత్రికి నడిచి ఎక్కిందట. మళ్లీ ఒకసారి అలాగే నడిచి వెళ్లి మూడు గుళ్లలోను దీపం పెట్టాలని ఆవిడ కోరిక. మేష్టారు రిటైరయ్యాక వెళదామనుకున్నారు. రిటైరైన రెండో ఏట ఆవిడకి జబ్బు బయటపడింది, పదకొండు నెలల్లో పోయారు. ఆ మాట ఆయన నాతో చెప్పినప్పుడు నేను ఎక్కువ ఆలోచించలేదు, వస్తానన్నాను. మా అబ్బాయి ఫోన్లో "ఈ వయసులో కొండలేమిటి నాన్నా" అన్నాడు. మా ఆవిడ మాత్రం ఏమీ అనకుండా చక్కిలాలు మూట కట్టింది.

2023 సంక్రాంతి వెళ్లిన రెండో వారంలో బయలుదేరాం. వెళ్లేముందు మన ఊళ్లోనే ఇద్దరం ఒక ఒప్పందం చేసుకున్నాం. మధ్యాహ్నం ఒంటిగంట అయితే ఎక్కడున్నా సరే, ఇక పైకి ఒక్క అడుగు వేయకూడదు. ఆ రోజుల్లో అయిదున్నర దాటితే చీకటే, దిగడానికి నాలుగు గంటలైనా కావాలి. మేష్టారు ఈ లెక్క కాగితం మీద వేసి సంతకం కూడా పెట్టారు. లెక్కల మేష్టారు కదా!

రాత్రి మందసలో ఆయన బావమరిది ఇంట్లో పడుకున్నాం. తెల్లవారుజామున నాలుగున్నరకి కొండ అడుగునుంచి నడక మొదలు. దారి చూపడానికి ఒక సవర కుర్రాడు వచ్చాడు. ఇరవై ఏళ్లుంటాయి. కాళ్లకి హవాయి చెప్పులు, చేతిలో కత్తి, అంతే. మాకేమో కేన్వాస్ బూట్లు, మంకీ కేపులు, చేతికర్రలు, మాత్రల డబ్బాలు. జీడితోటలు దాటి గెడ్డ దాటేసరికి తెల్లవారింది. అక్కడ కూర్చుని చోడంబలి తాగాం. ఆ అంబలి ఉండబట్టే తొమ్మిదింటిదాకా ఆకలి తెలియలేదు.

నిలువు దారిలో మాట్లాడకూడదంటారు గాని, మాట ఉంటేనే కాలు సాగుతుంది. అందుకని నేను ఆయనకి ఒక కథ చెప్పాను. షెర్లాక్ హోమ్స్ కథలు రాసిన కానన్ డాయిల్ మీకు తెలుసు. ఆయన భార్యకి క్షయ వస్తే మంచిగాలి కోసం స్విట్జర్లాండులో దావోస్ అనే ఊరికి తీసుకెళ్లాడు. అక్కడ కాళ్లకి పొడుగాటి చెక్కలు కట్టుకుని మంచు మీద జారే విద్య, అదే స్కీయింగ్, అప్పుడప్పుడే మొదలవుతోంది. 1894 మార్చిలో ఆయన బ్రాంగర్ అనే ఇద్దరు అన్నదమ్ములతో తెల్లవారకముందే బయలుదేరి, ఎనిమిది వేల అడుగుల కనుమ దాటి, మధ్యాహ్నానికి ఆవలి ఊరు ఆరోసా చేరాడు. ఆ అన్నదమ్ములు అంతకుముందు ఏడాదే ఆ దారి దాటినవాళ్లు. వాళ్లు లేకపోతే ఆయన ఆ కనుమ జోలికి వెళ్లేవాడు కాదు. నిలువు వాలు దగ్గర స్కీలు కాళ్లకి నిలవక, చివరికి పంట్లాం మీద జారుతూ దిగాడట. ఆరోసా హోటలు రిజిస్టరులో ఆయన వృత్తి ఎదుట అన్నదమ్ముల్లో ఒకరు 'క్రీడాకారుడు' అని రాశారు.

ఇంతా విని మేష్టారు అడిగింది ఒక్కటే. "ఆవిడ బతికిందా?"

"ఇంకో పన్నెండేళ్లు బతికింది. 1906లో పోయింది."

"నయం" అన్నారు. తరవాత చాలాసేపు కర్ర చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు.

తొమ్మిది దాటాక చలి తగ్గుతుందనుకున్నాం, తగ్గలేదు. వెయ్యి మీటర్లు ఎక్కితే ఆరేడు డిగ్రీలు పడిపోతుంది. రాజాంలో చొక్కాతో తిరిగే వేళకి అక్కడ స్వెట్టరు తీయలేకపోయాం. పైన చెట్లు తగ్గి గడ్డి మొదలవుతుంది, గాలి విసురుగా ఉంటుంది. మేష్టారికి ఆయాసం మొదలైంది. ఇరవై అడుగులు, ఆగడం. మళ్లీ ఇరవై. నేను వెనకాలే నడిచాను. ముందు నడిచేవాడు తన వేగంతో పోతాడు, వెనకున్నవాడికే అవతలివాడి నడక కనపడుతుంది.

పదకొండుంపావుకి కుంతి గుడి చేరాం. ఆయన సంచీలోంచి ప్రమిద, వత్తి, నువ్వులనూనె సీసా తీసి దీపం పెట్టారు. గాలికి నాలుగు అగ్గిపుల్లలు ఖర్చయ్యాయి. ధర్మరాజు గుడి దగ్గర రెండోది పెట్టేసరికి పన్నెండు యాభై. భీముని గుడి పైన కనపడుతోంది. పొగమంచు వచ్చి కప్పుతోంది, పోతోంది.

ఒంటిగంటకి నేను గడియారం చూపించాను. ఆయన దాన్ని చూడలేదు, గుడినే చూశారు.

"బాబుగారూ, ఒక్క అరగంట."

"మేష్టారూ, కాగితం మీ జేబులోనే ఉంది."

ఆ క్షణంలో ఆయన ముఖం చూడడం కష్టమైంది. అన్నేళ్లు వాయిదా వేసిన కోరికలో మిగిలిన ముక్క అది, కళ్ల ఎదట ఉంది. నన్ను పనికిమాలిన గుమస్తా అనుకున్నా తప్పులేదు. కాని ఆయన పెదవులు నల్లబడుతున్నాయి, అది ఆయనకి కనపడదు కదా. ఇద్దరం నిలబడిపోయాం. అప్పుడు ఆ సవర కుర్రాడు చేయి చాపాడు. "ఆ దీపం ఇలా ఇయ్యి తాతా. నేను పెట్టి వస్తాను. మీరు ఈ దారినే మెల్లగా దిగండి, పక్క దారి లేదు."

మేష్టారు మూడో ప్రమిద అతని చేతిలో పెట్టారు. నూనె ఎంత పోయాలో, వత్తి ఎటు తిప్పాలో చెప్పారు. భార్య పేరు చెప్పారు, రెండుసార్లు. కుర్రాడు మేకపిల్లలా ఎక్కిపోయాడు. మేము దిగడం మొదలుపెట్టిన ముప్పావుగంటకి మమ్మల్ని కలిశాడు. ఖాళీ సీసా ఆయనకి ఇచ్చాడు. ఆయన ఏమీ అడగలేదు, సీసా మూత బిగించి సంచీలో పెట్టుకున్నారు.

దిగడం గురించి ఒక మాట. ఎక్కేటప్పుడు గుండెకి పని, దిగేటప్పుడు మోకాళ్లకి పని. మన వయసువాళ్లు సాధారణంగా మొదటిదానికే భయపడతారు. నా అనుభవంలో రెండోదే ఎక్కువ ఏడిపించింది. కర్ర లేకపోతే నేను గెడ్డ దగ్గరే కూలబడేవాణ్ణి. ఆ భాగంలో మేష్టారే ముందు దిగి, ప్రతి రాయి దగ్గర ఆగి నాకు చేయి అందించారు. ఆయాసం పోయాక ఆయన నాకంటే గట్టివారు. మధ్యలో ఒకసారి మబ్బు విడి, బారువ వైపు సముద్రం రేకు ముక్కలా మెరిసింది. కొండ అడుక్కి చేరేసరికి అయిదూ నలభై. చీకటి మమ్మల్ని పది నిమిషాల్లో పట్టుకునేది.

మన తెలుగువాళ్లు ఇంతకంటే పెద్ద కొండలు ఎక్కారని నాకు తెలుసు. 2014 మే 25న మాలావత్ పూర్ణ పద్నాలుగేళ్లు నిండకుండానే ఎవరెస్టు ఎక్కింది. పక్కన ఖమ్మం జిల్లా కుర్రాడు ఆనంద్ కుమార్ ఉన్నాడు. ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకులాల పిల్లలే. నెల్లూరు జిల్లా మల్లి మస్తాన్ బాబు 2006లో ఏడు ఖండాల శిఖరాలూ 172 రోజుల్లో ఎక్కినవాడు. 2015లో ఆండీస్ పర్వతాల్లో ఒంటరిగా పైకి వెళ్లి తిరిగి రాలేదు. అంతటి అనుభవం ఉన్నవాడు! ఆ వార్త చదివినప్పుడు పూర్ణ పక్కన ఆనంద్ ఉన్న ఫొటోయే నాకు గుర్తొచ్చింది.

ఈ ఏడు కూడా సంక్రాంతి తరవాత వెళదామని కొందరు అడుగుతున్నారు. బి.పి., సుగర్ ఉన్నవాళ్లు ముందు డాక్టరుకి చూపించుకుని రావాలి. మాత్రలు, బెల్లం ముక్క జేబులో ఉండాలి. ఎవరి జత ఎవరో ఇక్కడే తేల్చుకోవాలి, ఒంటిగంట కాగితం మీద ఇద్దరూ సంతకం చేయాలి. నడవలేనివారు పర్లాకిమిడి వైపు జీపులో రావచ్చు, అందులో చిన్నతనం ఏమీ లేదు. ఆ సవర కుర్రాడికి కబురు పంపే బాధ్యత మేష్టారిది. ఇచ్చేది ముందే మాట్లాడుకుని పూర్తిగా ఇద్దాం, మన బకాయిల్లా వాయిదాలు వద్దు.

పేర్లు టీ తరవాత మేష్టారికే ఇవ్వండి. కాగితం, పెన్ను ఆయన దగ్గరున్నాయి.