కలివికోడి చెప్పే మాట



మన ఆదోని, ఎమ్మిగనూరు పల్లెల చుట్టూ ఉన్న గుట్టల్ని, ముళ్ళపొదల్ని పైనోళ్ళు ఏమంటారు? బీడు, బంజరు. అంటే దేనికీ పనికిరాని నేల. అట్లాంటి పొదల్లోనే బతికే ఒక పక్షి సంగతి చెప్తా, వినండి.

దాని పేరు కలివికోడి. కలివి పొదల్లో ఉంటుంది కాబట్టి ఆ పేరు. జానెడు పక్షి, రొమ్ము మీద రెండు గోధుమరంగు పట్టీలు. పగలు పొద నీడన నక్కి ఉంటుంది, రాత్రయితే చెదపురుగులు ఏరుకు తింటుంది. 1900లో మన పక్కనున్న అనంతపురం దగ్గర కనిపించాక మళ్ళీ ఎవరి లెక్కలోకీ రాలేదు. అంతరించిందనే అనుకున్నారు.

1986 జనవరిలో కడప జిల్లా లంకమల అడవి అంచున, రెడ్డిపల్లె దగ్గర దొరికింది. పుస్తకాల్లో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ పరిశోధకుడు భరత్ భూషణ్ పేరుంటుంది. న్యాయమే, ఆయన కష్టపడి వెతికాడు. కానీ రాత్రిపూట లైటు వేసి దాన్ని పట్టింది ఐతన్న అనే స్థానిక వేటగాడు. చదువుకున్నోళ్ళు 86 ఏళ్ళు పోయిందనుకున్న పక్షి జాడ, పొదల మధ్య తిరిగేవాడికి తెలుసు.

తర్వాతి పరిశోధనల్లో ఇంకో సంగతి తేలింది. పొదలు మరీ దట్టమైతే ఈ పక్షి ఉండదు, మొత్తం నరికేసినా ఉండదు. పొదకూ పొదకూ మధ్య ఖాళీ నేల కావాలి. మితంగా పశువులు మేస్తే, కట్టెలు కొట్టుకుంటే ఆ ఖాళీ నిలుస్తుంది. అతిగా చేస్తే అడవే పోతుంది. ఆ మితం ఎంతో రోజూ అడవికి పోయేవాళ్ళను అడగకుండా ఎట్లా తెలుస్తుంది?

దానికి అసలు దెబ్బ యంత్రాలది. పొదలు చదును చేసి పొలాలు, తోటలు వేశారు. 2005లో తెలుగు గంగ కాలువ తవ్వకం ఆ పక్షి ఉండే చోటికే వచ్చింది. గొడవయ్యాక కాలువ దారి మార్చాల్సి వచ్చింది. అంటే మార్చొచ్చన్నమాట!

2006 అటవీ హక్కుల చట్టం 5వ సెక్షన్ అడవినీ, అందులోని జీవాల్నీ కాపాడే అధికారం గ్రామసభకు, హక్కుదారులకు ఇచ్చింది. పక్షి పేరు చెప్పి మనల్ని వెళ్ళగొట్టడం వద్దు. మన పేరు చెప్పి పొదల్ని చదును చేయడమూ వద్దు.

రేపు మీ ఊరి అడవికి కొలతల టేపు వస్తే ముందు గ్రామసభ పెట్టమనండి. అక్కడ ఏ పక్షి ఉందో, ఏ చెట్టు ఉందో, ఎవరి మేకలు మేస్తున్నాయో మీరే రాయించండి. బంజరు అనే మాటకు అదే మన జవాబు.