పూర్తి చిరునామా



మా యూరు ఐ.పోలవరము. ఆ "ఐ." అనగా ఐలండు, లంక. దానిని విడిచి వ్రాసిన యుత్తరము ఎగువను ప్రాజెక్టు గల పోలవరమునకు పోయినను పోవచ్చును. కంప్యూటరు ఆజ్ఞలకును ఇట్టి చిక్కే కలదు.

నా కొబ్బరి కొట్టు లెక్కలకు రాత్రి 2 గంటలకు వేరొక డిస్కుపై నకలు తీయుటకై లైనక్సు యంత్రమున నొక స్క్రిప్టు వ్రాసి, దానిని వేళకు నడుపు భారమును క్రాన్ అను సేవకుని కొప్పగించితిని. స్వయముగా నడిపి చూచినపుడు అది చక్కగా నడచినది. 40 దినములకు అసలు డిస్కు చెడినది. రెండవదానిలో చూతునుగదా, ఒక్క దినపు నకలును లేదు!

నకలు తీయు ప్రోగ్రాము స్లాష్ యూఎస్ఆర్ స్లాష్ లోకల్ స్లాష్ బిన్‌లో నున్నది. నేను కూర్చుండి ఆజ్ఞాపించునపుడు నా షెల్లు "పాత్" అను జాబితా ననుసరించి అక్కడను వెదకును. క్రాన్ జాబితాలో తరచుగా యూఎస్ఆర్ బిన్, బిన్ అను రెండు తావులే యుండును. నా ప్రొఫైలు నది చదువదు. ఆజ్ఞ దొరకక 127 అను సంఖ్యతో ముగిసినది. (126 వచ్చినచో, దొరకినది గాని నడుపుటకు వీలులేదని యెరుగవలెను.) ఈ సంగతి తెలుపు జాబును క్రాన్ వేయజూచును గాని, నా యంత్రమున తపాలా యేర్పాటే లేదు.

ఇప్పుడు ప్రతి యాజ్ఞకును పూర్తి చిరునామా వ్రాసితిని. లోపములు చిట్టా ఫైలులో పడునట్లు చేసితిని. "ఎన్వ్ మైనస్ ఐ" అని ముందుంచి, నా పరిసరముల నన్నిటిని తొలగించి నడిపి చూచితిని.

పోయిన పద్దులను చీటీలు చూచి తిరుగ వ్రాయుటకు రెండు వారములు పట్టినది. ఉదయమున కొట్టు తెరచి నేను మొదట చూచునది ఆ చిట్టాయే.