ఒప్పందం చాలదు, సభలో ఓటు పడాలి



ఉద్యోగుల ఒప్పందం చట్టసభలో వీగిపోతే మనకేమిటని అనుకోవద్దు. అమెరికాలో విస్కాన్సిన్ పాడిరైతుల రాష్ట్రం. అక్కడ రాష్ట్ర ఉద్యోగుల సంఘాలు ప్రభుత్వంతో కుదుర్చుకున్న ఒప్పందాలకు ఉభయ సభల ఆమోదం తప్పనిసరి. 2010 డిసెంబరులో ఆ ఒప్పందాలు దిగువ సభలో ఒక్క ఓటు తేడాతో గట్టెక్కాయి. సెనేట్‌లో 16–16 ఓట్లతో వీగిపోయాయి. ఉద్యోగులు తమవాడనుకున్న డెమొక్రాటిక్ సభా నాయకుడే వ్యతిరేకంగా ఓటేశారు.

మూడు నెలలు తిరక్కుండానే, 2011 మార్చి 11న, కొత్త గవర్నర్ స్కాట్ వాకర్ సంతకంతో 10వ చట్టం వచ్చింది. చాలామంది ఉద్యోగుల సమష్టి బేరసారాల హక్కును అది మూల వేతనానికే కుదించింది. మర్నాడే రైతులు ట్రాక్టర్లతో రాజధాని మాడిసన్‌కు వచ్చి ఉద్యోగుల పక్కన నిలిచారు. ప్రభుత్వ ఆరోగ్య పథకంలో కోత పడితే తమ కుటుంబాలకూ దెబ్బేనని వారికి తెలుసు.

మన అనుభవమూ ఇదే. 2021లో మూడు సాగు చట్టాలు రద్దు చేస్తామని ప్రధాని ప్రకటించినా, నవంబరు 29న పార్లమెంటు రద్దు బిల్లును ఆమోదించేదాకా మనం ఢిల్లీ సరిహద్దులు వదల్లేదు. అందుకే ఆ చట్టాలు పోయాయి. మద్దతు ధర విషయంలో కమిటీ వేస్తామన్న హామీతో సరిపెట్టారు. చట్టం రాలేదు.

కాబట్టి ఓటడగడానికి వచ్చే ప్రతి అభ్యర్థినీ నిలదీద్దాం: మద్దతు ధర చట్టానికి సభలో చేయెత్తుతారా, లేదా? ఉద్యోగులు, కార్మికులు తమ ఒప్పందాల కోసం రోడ్డెక్కిన రోజున మనమూ వారి పక్కన నిలబడదాం.