ఫైలేరియా అంటే దారం

కోనసీమలో బోదకాలు తెలియని వాళ్లెవరు? డాక్టర్లు దాన్నే ఫైలేరియా అంటారు. ఆ పేరేంటో మేము కనుక్కున్నాం. లాటిన్‌లో ‘ఫిలుం’ అంటే దారం. ఈ జబ్బు తెచ్చే పురుగు తెల్లటి సన్న దారంలా ఉంటుంది. కొబ్బరి పీచుతో తాళ్లు పేనే మనకి ఇంకా వివరించాలా!

ఇంగ్లీషులో ఇంకో పేరుంది, ఎలిఫెంటియాసిస్. గ్రీకులో ఏనుగు అనే మాట నుంచి వచ్చింది. అదీ, మన బోదకాలూ వాపు చూసి పెట్టిన పేర్లే. దారం పేరు మాత్రం వాపుకి ముందు సంగతి చెబుతుంది. పురుగు ఒంట్లో ఏళ్ల తరబడి ఉన్నా కాలు మామూలుగానే కనపడొచ్చు. దాని పిల్లలు ఎక్కువగా రాత్రిపూటే రక్తంలో తిరుగుతాయి. అందుకే రాత్రి వచ్చి వేలు గుచ్చుతారు. మురుగు కాలవలో పుట్టే క్యూలెక్స్ దోమ వాటిని ఇంకొకరికి అంటిస్తుంది.

2004 నుంచి ఫైలేరియా జిల్లాల్లో ఏటా డి.ఇ.సి. మాత్రలు పంచడం మొదలైంది. “మా కాళ్లు బాగానే ఉన్నాయిగా” అని మాలో కొందరం వాటిని చూరులో దోపేశాం. బాగున్నవాళ్లకి కూడా ఆ మాత్రలని అప్పుడు తెలీలేదు. గర్భిణులకీ, రెండేళ్లలోపు పిల్లలకీ మాత్రం ఇవ్వరు.

కాలు వాచిన అక్కలు మీటింగులో కుచ్చిళ్లు కిందకి లాక్కుని వెనక కూర్చోవద్దు, ముందుకి రండి. రోజూ సబ్బుతో కడిగి, వేళ్ల మధ్య తడి లేకుండా తుడుచుకుంటే ఆ మాటిమాటికీ వచ్చే జ్వరాలు తగ్గుతాయి.