కవర్ మీద ఒక్కడే, పాటలో ఎంతమంది?

స్మూత్ జాజ్ అనగానే చాలామంది నవ్వుతారు, లిఫ్టులో వినిపించే మ్యూజిక్కే కదా అని. నేను ఒప్పుకోను. ఎందుకో చెప్తా. ముందు ఇయర్‌ఫోన్స్ పెట్టుకోండి, ఫోన్ స్పీకర్‌లో బేస్ గిటార్ సరిగ్గా వినపడదు. ఇవాళ నాకు కావలసింది అదే.

'జస్ట్ ది టూ ఆఫ్ అస్' మీలో చాలామంది వినే ఉంటారు. ఎవరి పాట అంటే బిల్ విథర్స్ అంటారు. పాడింది ఆయనే. కానీ అది ఆయన ఆల్బమ్ కాదు. శాక్సఫోన్ వాయించే గ్రోవర్ వాషింగ్టన్ జూనియర్ 1980లో తెచ్చిన 'వైన్‌లైట్' అది. విథర్స్ అందులో పాడింది ఈ ఒక్క పాటే. 1981లో అది అమెరికా బిల్‌బోర్డ్ చార్టులో 2వ స్థానం దాకా వెళ్లింది. రాసినవాళ్లు ముగ్గురు: విథర్స్, విలియమ్ సాల్టర్, రాల్ఫ్ మెక్‌డొనాల్డ్. ఈ మెక్‌డొనాల్డే ఆల్బమ్‌లో పెర్కషన్ కూడా వాయించాడు.

ఇప్పుడు కింద వినండి. ఆ బేస్ వాయిస్తున్నది మార్కస్ మిల్లర్, అప్పటికి 21 ఏళ్ల కుర్రాడు. డ్రమ్స్ స్టీవ్ గాడ్. ఫుల్ వెర్షన్‌లో మధ్యలో గలగలమని ఒక లోహపు శబ్దం వస్తుంది చూడండి, సింథసైజర్ అనుకుంటాం. కాదు. అది స్టీల్ పాన్. ట్రినిడాడ్‌లో ఖాళీ నూనె డ్రమ్ములను సుత్తితో కొట్టి కొట్టి తయారుచేసిన వాయిద్యం. వాయించింది ఆ దేశంవాడే, రాబర్ట్ గ్రీనిడ్జ్. పాటలో నాకు బాగా ఇష్టమైన చోటు అదే, ఆయన పేరేమో ఎవరికీ తెలీదు!

పాట రాసినవాళ్లకి రాయల్టీ వస్తుంది. సెషన్‌కి వచ్చి వాయించినవాళ్లకి మామూలుగా ఆ రోజు డబ్బులే. ఇంకా మిగిలేది ఎల్పీ కవర్ వెనక అచ్చయిన పేరు. తర్వాతి పని ఆ పేరు చూసే వచ్చేది. మన ఫోన్‌లో ఆ వెనకవైపు లేదు కదా! క్రెడిట్స్ నొక్కినా చాలాసార్లు రాసినవాళ్లు, ప్రొడ్యూసర్ దగ్గరే ఆగిపోతుంది.

పేరు దొరికితే ఎంత దూరం వెళ్లొచ్చో చూడండి. 1986లో పియానో బాబ్ జేమ్స్, శాక్స్ డేవిడ్ శాన్‌బోర్న్ కలిసి 'డబుల్ విజన్' చేశారు. కవర్ మీద ఆ ఇద్దరి పేర్లే. లోపల బేస్ ఎవరు? మిల్లర్. డ్రమ్స్? గాడ్. అదే ఏడాది మైల్స్ డేవిస్ 'టుటు' వచ్చింది. అందులో ఎక్కువ ట్యూన్లు రాసింది, చాలా వాయిద్యాలు తానే వాయించింది కూడా మిల్లరే. కవర్ మీద మాత్రం మైల్స్ ముఖం ఒక్కటే ఉంటుంది, పెద్దగా.

జేమ్స్, శాన్‌బోర్న్ మళ్లీ కలిసింది 2013లో, 'క్వార్టెట్ హ్యూమెయిన్' కోసం. ఈసారి ఎలక్ట్రిక్ హంగులేమీ లేవు, బేస్ జేమ్స్ జీనస్. డ్రమ్స్ దగ్గర మాత్రం మళ్లీ గాడ్. మొదటి దానికీ దీనికీ మధ్య 27 ఏళ్లు. లిఫ్ట్ మ్యూజిక్ వాయించేవాణ్ని ఇన్నేళ్లు ఎవరు పిలుస్తారండీ?

సరే, 'వైన్‌లైట్' మొదటి ట్రాక్ పెట్టండి. శాక్స్‌ని పక్కన పెట్టి బేస్ వెంటే వెళ్లండి. ఎక్కడ తప్పిపోయారో నిమిషంతో సహా కామెంట్‌లో రాయండి. ఉంటాను.