దివిసీమ మధ్యాహ్న భోజనం: పళ్ళెంలోకి ఏది ఎప్పుడు వచ్చింది?

దివిసీమ అనగానే మనకి ఉప్పెన గుర్తొస్తుంది. ఇవాళ మాత్రం అక్కడి మధ్యాహ్న భోజనం గురించి మాట్లాడుకుందాం. ఉప్పెన మాట కూడా మధ్యలో రాక తప్పదనుకోండి.

పులిగడ్డ దగ్గర కృష్ణ రెండు పాయలవుతుంది. ఆ పాయలకీ సముద్రానికీ మధ్యనున్న పెద్ద లంకే దివిసీమ. అవనిగడ్డ, నాగాయలంక, కోడూరు ఇందులోవే. ఇక్కడ మధ్యాహ్నం అంటే వేడి అన్నం, చేపల పులుసు, ఓ పచ్చడి, చివర్న మజ్జిగ. తాతల నాటి నుంచీ ఇంతే అనుకుంటాం కదా? కాదండీ. ఒక్కొక్కటీ ఒక్కో కాలంలో వచ్చి చేరింది.

ముందు అన్నం సంగతి చూద్దాం. వరి ఎప్పట్నుంచో ఉంది గానీ, వాన పడితేనే పంట. 1832-33లో వచ్చిన డొక్కల కరువు గుంటూరు సీమని ఊడ్చేసింది. ఆ తర్వాతే బెజవాడ దగ్గర ఆనకట్ట కట్టారు, 1855లో పూర్తయింది. కాలువ నీళ్ళు పులిగడ్డ అక్విడెక్టు మీదుగా నదిని దాటి లంకలోకి వచ్చాయి. అయినా కూలి ఇంట్లో రోజూ వరన్నం ఉండేది కాదు. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చాక ఆ దిగులు చాలావరకు తగ్గింది.

ఇక పులుసు. చింతపండు పాతదే. ఎర్రటి మిరపకాయ మాత్రం పోర్చుగీసువాళ్ళ ఓడల్లో మన దేశానికొచ్చింది. అంతకుముందు కారమంటే మిరియాలే! చేపలేమో ఏటి పాయల్లోనూ మడ అడవుల పక్కనున్న ఉప్పుటేరుల్లోనూ దొరికేవి. పండుగప్ప, మట్టగిడస, పీతలు, రొయ్యలు... ఏది పడితే అదే ఆ రోజు కూర.

అంటే ఈ భోజనంలో సగం మంచినీటిది, సగం ఉప్పునీటిది. ఆ రెండూ తమ హద్దుల్లో ఉన్నంతకాలమే ఈ పళ్ళెం నిండేది. 1977 నవంబరు 19న ఉప్పునీరు హద్దు దాటింది. వేలమంది పోయారు, చేలన్నీ ఉప్పు పట్టాయి.

తర్వాత చెరువులొచ్చాయి. 2009లో మన దేశంలో వనామీ రొయ్యకి అనుమతి ఇచ్చారు. అమెరికా ఖండపు పసిఫిక్ తీరంలో పుట్టిన ఆ రొయ్య ఇక్కడ పెరిగి, ఐసులో మళ్ళీ అమెరికాకే పోతోంది! డబ్బులొచ్చిన మాట నిజం. కానీ ఉప్పునీటి చెరువు పక్కన వరి చేను బతకడం కష్టం. పైనుంచి నదిలో నీళ్ళు తగ్గితే, సముద్రం ఇంకాస్త లోపలికొస్తుంది.

అందుకే ఈసారి పులుసన్నం కలుపుకునేటప్పుడు, ఇంట్లో పెద్దవాళ్ళని ఒక్క మాట అడగండి: "మీ చిన్నప్పుడు ఈ చేప ఎక్కడ పట్టేవాళ్ళు?" అని. వాళ్ళు చెప్పే ఏరు ఇప్పుడు అక్కడ ఉందో లేదో, ఒకసారి వెళ్ళి చూసి రండి.

వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటానండీ.