గటక అంటే చిన్నతనమెందుకు?



ఇవాళ నేను మీతో ఒక వంట పేరు గురించి నాలుగు మాటలు మాట్లాడదామని వచ్చాను. ఆ పేరు గటక. తెలంగాణ పల్లెల్లో 'గట్క' అని పలుకుతారు. కోస్తా జిల్లాల నుంచి వచ్చి హైదరాబాదులో కాపురం వుంటున్న అక్కచెల్లెళ్ళు కొందరు ఈ మాట విని వుండకపోవచ్చు. కరీంనగర్, వరంగల్లు వైపు పుట్టిపెరిగిన వాళ్ళు మాత్రం తప్పక విని వుంటారు. విన్నా, నలుగురిలో ఆ మాట అనడానికి కొంచెం వెనకాడతారు. ఎందుకు వెనకాడాలి అన్నదే ఇవాల్టి నా ప్రశ్న.

ముందు అర్థం చూద్దాం. గింజను రవ్వగా విసిరి, మరిగే నీళ్ళలో పోసి, మెత్తగా చిక్కగా ఉడికిస్తే గటక. ఇది ఏ ఒక్క గింజ పేరూ కాదు, వండే తీరుకు పేరు. అందుకే ముందర గింజ పేరు చేర్చి జొన్న గటక, మక్క గటక అంటారు. దీని చుట్టాలు మన భాషలో ఇంకా వున్నాయి. పిండిని పల్చగా కాచితే జావ. పిండి కలిపి పులియబెట్టి, కాచి, మజ్జిగ పోసుకుంటే అంబలి. రాయలసీమలో ఉడుకుతున్న నూకలో పిండి పోసి, గట్టిగా కెలికి ముద్ద చేస్తే సంకటి. జావ, అంబలి తాగుతాం. గటక, సంకటి తింటాం. రవ్వా పిండా, పలచనా చిక్కనా, పులిసిందా పులియలేదా అన్న తేడాలన్నీ ఈ చిన్న చిన్న మాటల్లోనే ఇమిడి వున్నాయి. పేరు చెబితే చాలు, వంట సగం తెలిసిపోతుంది.

గటకకు పాత గింజ జొన్న. మొక్కజొన్న తరువాత వచ్చిన చుట్టం. అది అమెరికా ఖండాల పంట. 1492లో కొలంబస్ అక్కడికి వెళ్ళిన తరువాతనే మిగిలిన ప్రపంచానికి చేరింది. మనవాళ్ళు ఆ కొత్త గింజకు పాత గింజ పేరే తగిలించి మొక్కజొన్న అన్నారు. తెలంగాణలో మక్కజొన్న, లేదా వట్టి మక్కలు. అక్కడ పొత్తు అన్నదే ఇక్కడ కంకి. గింజ మారినా వండే తీరు మారలేదు కనుక జొన్న గటక పక్కన మక్క గటక కూడా వచ్చి కూర్చుంది.

ఇటలీ దేశపు ఉత్తర ప్రాంతంలోనూ ఇదే కథ. అక్కడ ఇలాంటి వంటను పొలెంటా అంటారు. పూర్వం బార్లీతోనో, చిరుధాన్యాలతోనో వండేవారు. మొక్కజొన్న వచ్చాక ఆ పేరు దానికే స్థిరపడిపోయింది. దక్షిణాది ఇటలీ వాళ్ళు ఉత్తరాది వాళ్ళను వెక్కిరించాలంటే 'పొలెంటోని' అంటారు, అంటే పొలెంటా మేసేవాళ్ళని. చూశారా, తిండి పేరు పెట్టి మనిషిని చిన్నబుచ్చడం మన ఒక్కరి గుణమే కాదు!

మన దగ్గర ఆ చిన్నచూపు ఎట్లా వచ్చిందంటారా? వరి పండాలంటే చెరువు కింద పొలం వుండాలి. నీటి వసతి లేని చెలకల్లో పండేది జొన్న, మక్క. కనుక కూలినాలి చేసుకునే ఇంట రోజూ గటక, పండుగనాడు అన్నం. క్రమంగా అన్నం తినే ఇల్లు, గటక తినే ఇల్లు అని తారతమ్యం ఏర్పడింది. 1983లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయలకు బియ్యం ఇచ్చింది. పేద ఇంట రోజూ అన్నం ఉడకడం మంచిదే, కాదనను. కాని అన్నం ముందుకు వచ్చిన కొద్దీ గటక వెనక్కి పోయింది. లేమి రోజులను మరిచిపోవాలనుకున్న వాళ్ళు దాని పేరు కూడా మరిచిపోదామనుకున్నారు. అది సహజమే.

అలాగని పాతదంతా అమృతమని చెప్పడానికి నేను రాలేదు. ఒట్టి జొన్న మీద, ఒట్టి మొక్కజొన్న మీద బతికిన పేదలకు పెల్లాగ్రా అనే జబ్బు వచ్చేది. ఎండ తగిలే చోట చర్మం కమిలి, గరుకుబారి, విరేచనాలు పట్టుకుని, చివరకు మతి కూడా తప్పే జబ్బు. ఆ పేరు కూడా పొలెంటా తినే ఇటలీ వాళ్ళు పెట్టిందే. మన హైదరాబాదులోనే, జొన్న తిని బతికే వారిలో ఈ జబ్బు సంగతి పరిశోధించి డాక్టర్ సి. గోపాలన్, ఆయన సహచరుడు 1960లో ప్రకటించారు.

ఇక్కడ మనం గమనించవలసిన విషయం ఒకటి వుంది. మొక్కజొన్న పుట్టిన మెక్సికోలో ఆడవాళ్ళు గింజను సున్నపు నీళ్ళలో ఉడికించి, నానబెట్టి, తరువాతనే రుబ్బుతారు. అట్లా చేస్తే గింజలో దాగి వున్న నయాసిన్ అనే విటమిను ఒంటికి పడుతుంది. యూరపుకు గింజ వచ్చింది గాని, ఆ ఆడవాళ్ళ చేతి పద్ధతి దాని వెంట రాలేదు. జబ్బు వచ్చి పడింది. తిండిని దాని పద్ధతి నుంచి విడదీస్తే వచ్చే నష్టం ఇది.

మన గటకకూ ఒక పద్ధతి వుంది. కలిగినంతలో పప్పు, పుంటికూర, పచ్చిపులుసు, మజ్జిగ పక్కన పెట్టుకుని తినేవారు. పుంటికూరంటే కోస్తా వాళ్ళ గోంగూరే. ఆ పప్పు, మజ్జిగ వున్న ఇంట ఆ జబ్బు భయం లేదు. తప్పు గటకది కాదమ్మా, పక్కన ఏమీ లేకపోవడానిది.

ఇప్పుడు కాలం తిరిగింది. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా జరిపింది. మొక్కజొన్న చిరుధాన్యం కాదు గాని, జొన్న ఆ జాబితాలోదే. దుకాణాల్లో జొన్న రవ్వ అందమైన ప్యాకెట్లలో ఎక్కి కూర్చుంది. దాని మీద పోరిడ్జ్ అని వుంటే సంతోషంగా కొంటాం. అదే రవ్వ ఊరి నుంచి అత్తగారు సంచిలో కట్టి తెస్తే అటకెక్కిస్తాం. ఆవిడ ఓపిక చేసుకుని వండిపెడితే, ఇంటికి వచ్చిన వాళ్ళతో 'కార్న్ ఉప్మా అండీ' అంటాం. ఆ పెద్దావిడ పక్కనే నిలబడి వింటూ వుంటుంది. తాను చెయ్యి కాల్చుకుని పిల్లల్ని పెంచిన వంటకు, పేరు చెప్పుకునే యోగ్యత కూడా లేదా అని ఆవిడకు అనిపించదా?

వండడం కష్టమేమీ కాదు. గ్లాసు రవ్వను అరగంట నానబెట్టండి. నాలుగు గ్లాసుల నీళ్ళు మరిగించి, ఉప్పు వేసి, రవ్వను ఉండ కట్టకుండా కలుపుతూ పొయ్యండి. సన్నని సెగ మీద మూతపెట్టి, మధ్య మధ్య కలుపుతూ మెత్తబడే దాకా ఉంచండి. గట్టిపడితే కాసిని వేణ్ణీళ్ళు పొయ్యండి. పక్కన పప్పో, పుంటికూరో, మజ్జిగో తప్పక పెట్టండి.

కంచంలో వడ్డించాక పిల్లలు 'ఇదేమిటమ్మా?' అని అడుగుతారు. అప్పుడు 'మక్క గటక నాన్నా, మీ నానమ్మ నేర్పింది' అని చెప్పండి. ఆ పేరు తెలిసిన పిల్ల రేపు దాని పక్కన ఏం పెట్టాలో కూడా అడిగి తెలుసుకుంటుంది.